తూటాను ఆపేది వలా... పెంకా?

ద్వారకా తిరుమల కొండ మీద శనివారం నాటి రద్దీలో కొందరు కుర్రాళ్లను చూడగానే పోల్చుకోవచ్చు. నిటారైన నడక, ఎండకు కమిలిన మెడ, అప్పుడే తలనీలాలిచ్చి చందనం పూసుకున్న గుండు. పక్కన అమ్మ చేతిలో కొబ్బరికాయల సంచి. సెలవు మీద ఊరికొచ్చిన జవాన్లు వాళ్లు. మళ్లీ బండెక్కే ముందు చిన వెంకన్నకు ఓ దండం పెట్టుకుని వెళ్లడం ఈ చుట్టుపక్కల ఊళ్లలో అలవాటు. వెళ్లాక ఎప్పుడో ఫోను కలిసినప్పుడు తల్లి అడిగే మొదటి ప్రశ్న, ‘తిన్నావా?’ రెండోది, ‘ఆ బుల్లెట్‌ప్రూఫ్ వేసుకుంటున్నావా నాన్నా?’

‘వేసుకుంటున్నానమ్మా’ అంటాడు కొడుకు. అక్కడితో ఆమెకు సగం ధైర్యం వస్తుంది.

ఈ కొండకు ఎంతో దూరం లేదు తాడేపల్లిగూడెం. ఆ మండలంలోని మాధవరాన్ని ఎవరూ ఉత్త మాధవరం అనరు, ‘మిలటరీ మాధవరం’ అంటారు. దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు సైన్యంలో చేరిన ఊరది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని ఊళ్లో చెప్పుకునే లెక్క. ఆ తొంభై మంది ఒంటి మీద ఖాకీ చొక్కా తప్ప మరేం ఉండి ఉండదు. 1914లో ఆ యుద్ధం మొదలైనప్పుడు పెద్ద సైన్యాల్లో వేటికీ ఉక్కు టోపీ కూడా లేదు మరి! గుడ్డ టోపీలు, తోలు టోపీలు, తలపాగాలు... అంతే.

ఇప్పుడు వాళ్ల మునిమనవలకు జాకెట్ ఉంది. కానీ అది ‘బుల్లెట్‌ప్రూఫ్’ అన్న ఒక్క మాటలో ఇమిడేది కాదు. అందులో మెత్తనిది ఒకటి, గట్టిది ఒకటి... రెండు వేర్వేరు కవచాలున్నాయి. ఒకటి ఆపేదాన్ని రెండోది ఆపలేదు. ఒకటి ఇచ్చే హాయిని రెండోది ఇవ్వలేదు. ఆ తేడా తెలియనివాళ్లకు సినిమాలో హీరో చొక్కా విప్పి చూపించే నల్ల జాకెట్టూ, సరిహద్దులో జవాను మోసే జాకెట్టూ ఒకటే అనిపిస్తాయి.

కొల్లేటి వలలో పడ్డ బొచ్చె

మెత్తని కవచం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే కొల్లేటి గట్టున కాసేపు నిలబడితే చాలు. పెద్ద బొచ్చె చేప విసురుగా వచ్చి వలకు తగులుతుంది. వల తెగదు. ఎందుకని? చేప తగిలింది రెండు మూడు దారాలకే అయినా, ఆ దారాలు పక్కవాటిని లాగుతాయి, అవి వాటి పక్కవాటిని. చూస్తుండగానే చేప విసురు వల మొత్తానికీ పంచుకుపోతుంది. మెత్తని కవచంలో అలాంటి ‘వలలు’ ఒకదాని మీద ఒకటి ఇరవై, ముప్ఫై పొరలుంటాయి. పిస్తోలు గుండు మొదటి పొరను తెంపుతుంది, రెండోదాన్నీ తెంపుతుంది. ఈలోగా దాని సీసం ముక్కు నొక్కుకుపోయి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వెడల్పయ్యేకొద్దీ మరిన్ని దారాలు దాన్ని పట్టుకుంటాయి. చివరి పొరలు చేరేలోపే ఆగిపోతుంది.

ఇదంతా సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు.

ఈ ఉపాయం కొత్తదేం కాదు. అమెరికాలో షికాగో నగరంలో ఉండే కాజిమిర్ జెగ్లెన్ అనే పోలిష్ మతాచార్యుడు 1890ల్లోనే పట్టుతో ఇలాంటి కోటు నేశాడు. అంతకుముందు 1893లో ఆ నగర మేయరును ఎవరో కాల్చి చంపారు. దాన్ని చూసి చలించిన ఆయన పట్టు పొరల కోటు తయారుచేసి, తనే తొడుక్కుని కాల్పించుకుని మరీ చూపించాడు! కానీ పట్టు ఖరీదు. పైగా తుపాకుల వేగం పెరిగేసరికి అది చాలలేదు.

అసలు మలుపు 1965లో వచ్చింది. డ్యూపాంట్ కంపెనీలో పనిచేసే స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త కారు టైర్లలో వాడటానికి తేలికైన, బలమైన దారం కోసం వెతుకుతున్నారు. ఓ రోజు పరీక్ష నాళికలో పల్చగా, మబ్బు పట్టినట్టున్న ద్రావణం తయారైంది. మామూలుగా అయితే పారబోయాల్సిందే. దాన్ని దారంగా వడకడానికి యంత్రం దగ్గరున్న సహోద్యోగి మొదట ఒప్పుకోలేదు, సన్న రంధ్రాలు పూడుకుపోతాయని. ఆమె పట్టుబట్టి వడికించారు. వచ్చిన దారం అదే బరువున్న ఉక్కు కన్నా అయిదు రెట్లు బలంగా ఉంది. అదే కెవ్లార్. ఆ తర్వాత పాలిథిన్ కుటుంబానికే చెందిన మరో దారం వచ్చింది. చాలా పొడవైన అణువుల గొలుసులతో తయారయ్యే ఈ దారం నీళ్ల మీద తేలేంత తేలిక. గట్టి తాళ్లకూ, చేపల వలలకూ కూడా దాన్ని వాడతారు. అంటే కొల్లేటి వల పోలిక మరీ దూరపుదేం కాదన్నమాట.

మెత్తని కవచం బరువు రెండు, మూడు కిలోలు. చొక్కా లోపల తొడుక్కోవచ్చు. వంగొచ్చు, పరిగెత్తొచ్చు, జీపులో గంటలకొద్దీ కూర్చోవచ్చు. అన్నీ బాగానే ఉన్నాయి. చిక్కల్లా ఎదురుగా వచ్చేది పిస్తోలు గుండు కానప్పుడే.

లెక్క తప్పేది ఇక్కడే

పిల్లల ఫిజిక్స్ పుస్తకంలో గతిశక్తి సూత్రం ఉంటుంది. బరువు రెట్టింపయితే శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే మాత్రం శక్తి నాలుగు రెట్లవుతుంది. కవచాల కథంతా ఈ సూత్రంలోనే ఉంది.

9 ఎంఎం పిస్తోలు గుండు బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 400 మీటర్లలోపు. దాని శక్తి ఆరువందల జౌల్స్ పైచిలుకు. ఏకే-47 తూటా బరువూ ఇంచుమించు అంతే. కానీ వేగం సెకనుకు 700 మీటర్లు దాటుతుంది. శక్తి రెండు వేల జౌల్స్. మన సైన్యం ఏళ్ల తరబడి వాడిన ఎస్సెల్లార్ లాంటి పెద్ద రైఫిల్ అయితే మూడు వేలు దాటుతుంది. అంతేకాదు, రైఫిల్ తూటా ముక్కు సూదిగా ఉంటుంది. కొన్నింటి కడుపులో ఉక్కు ముక్క ఉంటుంది. అది పిస్తోలు గుండులా పుట్టగొడుగై విచ్చుకోదు. దారాలు కూడగట్టుకునేలోపే వాటిని నెట్టుకుని, తెంపుకుని వెళ్లిపోతుంది.

గోనెసంచిని ఎన్ని మడతలు పెట్టినా దబ్బనం దూరిపోదూ? అలాగే. రైఫిల్ తూటాను గుడ్డ పొరలతోనే ఆపాలంటే ఎన్ని పొరలు కావాలంటే, వేసుకున్నవాడు పరుపు చుట్టుకున్నట్టు ఉంటాడు!

అందుకే గట్టి కవచం. జవాన్ల మాటల్లో ‘ప్లేటు’. ఛాతీకి ఒకటి, వీపుకి ఒకటి. ఒక్కోటి చిన్న పలకంత ఉంటుంది. బయటికి నల్లటి గుడ్డ చుట్టి మామూలుగా కనిపిస్తుంది కానీ లోపల ఉండేది ఒక రకం పింగాణీ. ‘పింగాణీయా? టీ కప్పులు చేసేదా?’ అని తేలిగ్గా తీసిపారేయకండి. అల్యూమినా, సిలికాన్ కార్బైడ్, బోరాన్ కార్బైడ్ అనే ఈ పదార్థాలు తూటాలోని ఉక్కు కన్నా ఎన్నో రెట్లు కఠినం. వీటిలో బోరాన్ కార్బైడ్‌ది, కాఠిన్యంలో దాదాపు వజ్రం తర్వాతి వరస. ఉక్కు బరువులో మూడో వంతే ఉంటుంది. ఖరీదూ దానిదే ఎక్కువ.

గుళ్లో కొబ్బరికాయ కొట్టడం గుర్తు తెచ్చుకోండి. రాయి కదలదు, కాయ పగులుతుంది. తూటా వచ్చి పింగాణీకి తగలగానే ముందు పగిలేది తూటా ముక్కే. మరుక్షణం తగిలిన చోట పింగాణీ కూడా పొడవుతుంది. ఆ పగలడంలోనే తూటా శక్తి చాలా వరకు ఖర్చయిపోతుంది. ముక్కలైన తూటా తునకలు, పింగాణీ పొడి వెనక్కి దూసుకొస్తుంటే పట్టుకోవడానికి ప్లేటు వెనక వైపు దారాల పొరలను అతికించి పెడతారు. అంటే పెంకు వెనక మళ్లీ వల! తూటాను పగలగొట్టడం పెంకు పని, తునకల్ని ఏరుకోవడం వల పని.

ఇందులో ఓ తమాషా ఉంది. మెత్తన, గట్టి అన్నవి ఎప్పుడూ వేర్వేరు పదార్థాలు కానక్కర్లేదు. చొక్కాలో మెత్తగా ఉండే అవే దారాలను జిగురు పట్టించి, వేడి చేసి, బ్రహ్మాండమైన ఒత్తిడితో నొక్కితే చెక్కలాంటి పలక అవుతుంది. జవాను నెత్తి మీది నేటి హెల్మెట్ అలా తయారైందే. పింగాణీ లేకుండా పూర్తిగా ఆ పాలిథిన్ దారంతోనే చేసిన ప్లేట్లు కూడా ఉన్నాయి. చాలా తేలిక. మామూలు ఏకే తూటాను ఆపుతాయి. గట్టి ఉక్కు ముక్కున్న తూటా ముందు మాత్రం అవీ గోనెసంచులే.

చిన్న తిరుపతి మొక్కు

పెద్ద తిరుపతికి మొక్కుకున్న మొక్కును చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు. చిన్న తిరుపతి మొక్కును మాత్రం చిన్న తిరుపతిలోనే తీర్చాలి. ద్వారకా తిరుమల భక్తులకు ఎవరూ చెప్పక్కర్లేని మాట ఇది. కవచాల లెక్క కూడా ఇలా ఒక వైపే నడుస్తుంది. రైఫిల్ తూటాను ఆపే ప్లేటు పిస్తోలు గుండునూ ఆపుతుంది. పిస్తోలు గుండును ఆపే చొక్కా మాత్రం రైఫిల్ తూటాను ఆపదు.

అలాంటప్పుడు మెత్తనిదాన్ని వదిలేసి ఒంటినిండా ప్లేట్లే కట్టుకోవచ్చు కదా? అక్కడే మిలటరీ లెక్క వేరవుతుంది. యుద్ధంలో గాయాలన్నీ తూటాలవి కావు. ఫిరంగి గుండ్లు, మోర్టార్లు, గ్రెనేడ్లు, మందుపాతరలు పేలినప్పుడు ఎగిరొచ్చే ఇనుప తునకలవే ఎక్కువ. ఈ సంగతిని లెక్కలతో పట్టుకున్నవాళ్లలో ఒకరు రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళ వైద్యుడు కల్నల్ మాల్కమ్ గ్రో. బాంబర్ విమానాల సిబ్బంది గాయాలు పరిశీలిస్తే చాలా వరకు తక్కువ వేగంతో వచ్చిన తునకల వల్లే అయ్యాయని తేలింది. 1942లో ఆయన ఇంగ్లండులో కత్తులు చేసే విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ చేత ఉక్కు రేకులు కుట్టిన అంగీలు చేయించాడు. కొరియా యుద్ధం నాటికి ఉక్కు పోయి నైలాన్ పొరలు వచ్చాయి.

తునకలు ఎటు నుంచి వస్తాయో తెలియదు. పక్కటెముకల్లోంచి, భుజం మీదుగా, నడుము దగ్గర... ఎక్కడైనా తగలొచ్చు. ప్లేటు కప్పేది గుండె, ఊపిరితిత్తుల భాగాన్నే. మిగతా ఒంటిని కాపాడాల్సింది మెత్తని పొరలే. అందుకే సైనికుడి జాకెట్‌లో రెండూ ఉంటాయి. చుట్టూ మెత్తనిది, ముందూ వెనకా జేబుల్లో గట్టిది. ఉక్రెయిన్ యుద్ధంలో డ్రోన్లు నెత్తి మీదికొచ్చి పేలడం మొదలయ్యాక ఈ మెత్తని పొరల విలువ మళ్లీ పెరిగింది.

గట్టి ప్లేట్లలోనూ రెండు రకాలున్నాయి. కొన్ని ఒంటరిగానే తూటాను ఆపుతాయి. కొన్నింటిని వెనక మెత్తని చొక్కా ఉందన్న నమ్మకం మీదే తయారుచేస్తారు, అలాగే పరీక్షిస్తారు. ఈ రెండో రకం ప్లేటును మెత్తని పొర లేకుండా ఉత్త సంచిలో పెట్టుకుంటే, పరీక్షలో ఆగిన తూటా ఒంట్లోకి దిగొచ్చు. ఉక్కపోస్తోందని లోపలి పొర తీసేసేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

తూటా ఆగింది... దెబ్బ ఆగలేదు

సినిమాల్లో చూపించని మరో విషయం. తూటా ఆగినంత మాత్రాన దాని దెబ్బ ఎక్కడికీ పోదు. మెత్తని కవచం తూటాను పట్టుకునేటప్పుడు లోపలికి గుంటలా పొడుచుకొస్తుంది. ఆ గుంట ఛాతీలోకే. అందుకే పరీక్షల్లో జాకెట్ వెనక మెత్తని బంకమట్టిలాంటి ముద్ద పెట్టి కాలుస్తారు. తర్వాత మట్టిలో పడ్డ గుంట లోతు కొలుస్తారు. అమెరికా ప్రమాణం ప్రకారం ఆ లోతు 44 మిల్లీమీటర్లు మించకూడదు. 1970ల్లో మేకల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకె అది. 44 మిల్లీమీటర్లంటే బొటనవేలు ముప్పాతిక భాగం దిగినంత! పక్కటెముక విరగొచ్చు, లోపల రక్తం గడ్డకట్టొచ్చు. కానీ మనిషి బతుకుతాడు. గట్టి ప్లేటు తనంతట తాను వంగదు కాబట్టి దెబ్బను ఎక్కువ మేర పంచుతుంది.

మరి ప్లేటుకు లోపమే లేదా? ఉంది. పెంకుటిల్లున్నవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కప్పు మీద కొబ్బరికాయ పడితే ఓ పెంకు పగులుతుంది, కాయ ఆగుతుంది. సరిగ్గా అక్కడే మరో కాయ పడితే నేరుగా వంటింట్లోకే! పింగాణీ ప్లేటు కూడా తగిలిన చోట పగిలిపోతుంది. రెండో తూటా అక్కడికి చాలా దగ్గర్లో తగిలితే నమ్మకం లేదు. పగుళ్లు పాకకుండా చిన్న చిన్న బిళ్లలు పేర్చి చేసే ప్లేట్లు అందుకే వచ్చాయి. ఉక్కు ప్లేటుకు ఈ బాధ లేదు, ఎన్ని తగిలినా పగలదు. కానీ బరువు. పైగా దాని మీద చిట్లిన తూటా తునకలు పైకి లేచి మెడకూ, గడ్డానికీ తగిలే ప్రమాదముంది.

బరువే శత్రువు

మే నెలలో తాడేపల్లిగూడెం ఎండలో మెత్తని చొక్కా ఒక్కటి తొడుక్కుని పావుగంట నిలబడితే ఒళ్లంతా చెమట. ఆ దారాలు గాలిని లోపలికి రానివ్వవు. దాని మీద ప్లేట్లు, తుపాకీ, మందుగుండు, నీళ్లు, వైర్‌లెస్ సెట్టు... ఇవన్నీ మోస్తూ కొండెక్కాలి. జాకెట్ ఒక్కటే పది కిలోల పైమాట. బియ్యం బస్తాలో అయిదో వంతు గుండెలకు కట్టుకుని పరిగెత్తడమే!

ఈ బేరం కొత్తది కాదు. 1860ల్లో కొరియావాళ్లు నూలు గుడ్డ పొరలు పొరలుగా కుట్టి తూటాలకు అడ్డంగా కోట్లు తయారుచేశారు. 1871లో అమెరికన్లతో జరిగిన పోరులో ఆ కోట్లు వేసుకున్న సైనికులు ఎండకు ఉడికిపోయారు. ఫిరంగి నిప్పురవ్వలు పడి కొన్ని అంటుకున్నాయి కూడా. 1993 అక్టోబరులో సోమాలియాలోని మొగదిషు వీధుల్లో చిక్కుకుపోయిన అమెరికా రేంజర్ల జాకెట్లలో ఛాతీ ప్లేటు మాత్రమే ఉంది. వీపు ప్లేటు జేబు ఆ తర్వాతే వచ్చింది.

ఇరాక్ యుద్ధంలో రెండు వైపులా పాఠాలు దొరికాయి. 2003లో వేలమంది అమెరికా సైనికులకు మెత్తని జాకెట్లున్నాయి కానీ ప్లేట్లు అందలేదు. విషయం తెలిసి తల్లిదండ్రులే సొంత డబ్బుతో ప్లేట్లు కొని పార్సిళ్లలో పంపించారు! ఆ డబ్బు తిరిగివ్వడానికి అమెరికా ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. తర్వాత పక్కటెముకల వైపు కూడా ప్లేట్లు చేర్చారు. రక్షణ పెరిగింది, దాంతోపాటే బరువూ పెరిగింది. పరిగెత్తి గోడ చాటుకు చేరాల్సినవాడు రెండు సెకన్లు ఆలస్యమైతే ఆ రక్షణ ఎందుకన్న వాదన మొదలైంది. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు, తెగేదీ కాదు. గస్తీ తిరిగే పోలీసుకూ, వీఐపీ వెనక నిలబడే అంగరక్షకుడికీ మెత్తనిది చాలు. నియంత్రణ రేఖ మీద కాపలా కాసే జవానుకు ప్లేట్లు తప్పవు. మందుగుండు తునకల భయమే తప్ప రైఫిల్ గురి భయం అంతగా లేని ఫిరంగి దళంవాళ్ల లెక్క ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

తొమ్మిదేళ్ల ఎదురుచూపు

మన దగ్గర కథ బరువుతోనే ఆగలేదు. అసలు జాకెట్లే చాలలేదు. సైన్యానికి 1,86,138 జాకెట్లు కొనడానికి 2009లో అనుమతి దొరికింది. ప్రమాణాలు రాశారు, టెండర్లు పిలిచారు, కాల్చి చూశారు. నెగ్గింది లేక మళ్లీ మొదటికొచ్చారు. ఈలోగా అవసరం తరుముకొస్తుంటే 2016లో తాత్కాలికంగా 50 వేల జాకెట్లు కొన్నారు. మొత్తం జాకెట్లకు ఒప్పందం కుదిరింది 2018 ఏప్రిల్‌లో. ఢిల్లీకి చెందిన ఎస్ఎంపీపీ అనే సంస్థతో, 639 కోట్ల రూపాయలకు. బోరాన్ కార్బైడ్ ప్లేట్లున్న జాకెట్లవి. అనుమతికీ ఒప్పందానికీ మధ్య తొమ్మిదేళ్లు. 2009లో పదో తరగతి చదివే పిల్లాడు ఆ తొమ్మిదేళ్లలో జవానై, లాన్స్ నాయక్ కూడా అయిపోయి ఉంటాడు.

ఈ ఆలస్యం జరుగుతుండగానే అవతలివాళ్ల తూటా మారింది. 2017 డిసెంబరు 31న కశ్మీర్‌లోని లెత్‌పొరాలో సీఆర్పీఎఫ్ శిబిరం మీద తీవ్రవాదులు దాడి చేసి అయిదుగురు జవాన్లను బలిగొన్నారు. జవాన్లు అడ్డం పెట్టుకున్న బుల్లెట్‌ప్రూఫ్ పలకల్లోంచి తూటాలు దూసుకెళ్లాయని తర్వాత తేలింది. అవి గట్టి ఉక్కు ముక్కున్న ఏకే తూటాలు. నిన్నటి తూటాకు కట్టిన గోడ ఇవాళ్టి తూటాకు తడిక అయిందన్నమాట. జాకెట్లకు భారత ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ఐఎస్ 17051లో తూటాలను బట్టి ఆరు స్థాయిలున్నాయి. పై స్థాయిలో ఉన్నది దూరం నుంచి గురిపెట్టి కాల్చే రైఫిల్ వాడే, కవచాన్ని ఛేదించే తూటా.

ఇక్కడ తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ పేట ఒకటుంది. హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్. రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, మిశ్రధాతు నిగమ్ ఉన్నవి అక్కడే. అర్జున్ ట్యాంకు ఒంటికి తొడిగిన కవచానికి ‘కంచన్’ అన్న పేరు ఆ పేట మీదుగా వచ్చిందే. మిశ్రధాతు నిగమ్ అదే చేత్తో మనిషికీ కవచం చేసింది. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం పరిజ్ఞానంతో తయారైన ఆ జాకెట్ పేరు ‘భాభా కవచ్’. పాలిథిన్ పొరలకు అతి సూక్ష్మమైన కార్బన్ పదార్థాన్ని జోడించి చేశారు. 2019లో ఢిల్లీలో ప్రదర్శించినప్పుడు చెప్పిన బరువు 9.2 కిలోలు. సైన్యం పెట్టిన హద్దుకు అరకిలో తక్కువ. అరకిలోదేముందని అనిపించొచ్చు. కొండ మీద పదిహేను గంటలు గస్తీ తిరిగేవాణ్ని అడిగితే తెలుస్తుంది.

2024లో మరో రెండు వార్తలొచ్చాయి. ఆరో స్థాయి తూటాను ఆపే తేలికైన జాకెట్‌ను కాన్పూర్‌లోని డీఆర్డీవో పరిశోధనశాల ఏప్రిల్‌లో పరీక్షించి చూపింది. సెప్టెంబరులో డీఆర్డీవో, ఐఐటీ ఢిల్లీ కలిసి ‘అభేద్’ జాకెట్లు తెచ్చాయి. బోరాన్ కార్బైడ్, పాలిమర్ పొరలు కలిపి చేసిన వీటిలో తేలికైనది 8.2 కిలోలు, బరువైనది 9.5 కిలోలు. రెండూ ఒంటి చుట్టూ రక్షణ ఇచ్చేలా చేసినవే.

కవచానికి అందనివి

ఎంత మంచి జాకెటైనా కప్పనిచోట కాపాడదు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో హేమంత్ కర్కరే నేలకొరిగాక ఆయన జాకెట్ నాణ్యత మీద పెద్ద గొడవే జరిగింది. ఆసుపత్రిలో ఆ జాకెట్ మాయమవడంతో అనుమానాలు ఇంకా పెరిగాయి. కానీ పోస్టుమార్టంలో తూటాలు తగిలినట్టు తేలింది మెడ, భుజాల భాగంలో. అక్కడ ఏ ప్లేటూ ఉండదు.

గల్వాన్‌ది మరీ వింత. 2020 జూన్ 15న సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది మన సైనికులు ప్రాణాలు కోల్పోయిన ఆ పోరులో ఇరువైపులా ఒక్క తూటా పేలలేదు. చైనావాళ్లు వాడినవి రాళ్లు, మేకులు దిగగొట్టిన కర్రలు. తూటాను పట్టే వల మేకును పడుతుందన్న నమ్మకం లేదు. అదీ దబ్బనం లాంటిదే కదా! కత్తిపోట్లను ఆపడానికి నేత, పూత వేరుగా ఉన్న కవచం కావాలి. గల్వాన్ తర్వాత అల్లర్లను అదుపుచేసే పోలీసులు తొడిగే రకం రక్షణ దుస్తులు లద్దాఖ్‌కు వెళ్లాయని వార్తలొచ్చాయి.

ఇంకొకటుంది, కవచానికీ వయసు మీద పడుతుంది. కెవ్లార్‌కు ఎండ పడదు, తడి పడదు. అందుకే నీరు చొరని సంచిలో మూసి కుడతారు. ఆ కుట్లు విప్పకూడదు, వాషింగ్ మెషిన్‌లో పడేయకూడదు. అమెరికాలో కెవ్లార్‌ను మించిందంటూ జైలాన్ అనే దారంతో జాకెట్లు అమ్మారు. 2003లో పెన్సిల్వేనియాలో ఓ పోలీసు అధికారి జాకెట్‌లోంచి గుండు దూసుకెళ్లింది. ఆరా తీస్తే చెమటకూ, వేడికీ ఆ దారం చడీచప్పుడు లేకుండా చివికిపోతోందని బయటపడింది. 2005లో ఆ దారంతో చేసిన జాకెట్లకు అక్కడి ప్రభుత్వం గుర్తింపు రద్దు చేసింది. విచిత్రమేమిటంటే, దొంగల చేతిలో కాల్పులకు గురైన ఓ పిజ్జా దుకాణదారుడు పోలీసుల కోసం 1970ల్లో మొదలుపెట్టిన కంపెనీదే ఆ జాకెట్. తన జాకెట్లను జనం నమ్మడానికి ఆయన వాటిని తొడుక్కుని వందసార్లకు పైగా తన మీద తానే కాల్చుకున్నాడు!

గట్టి ప్లేటుకు చెమట భయం లేదు, కింద పడటమే భయం. ట్రక్కు మీంచి విసిరినా, మంచం మీంచి జారినా లోపలి పింగాణీలో కంటికి కనపడని జుట్టంత పగులు రావొచ్చు. పైన గుడ్డ మామూలుగానే ఉంటుంది. అమెరికా సైన్యం అందుకే ప్లేట్లకు కూడా ఎక్స్‌రే తీయిస్తుంది, విరిగిన కాలికి తీసినట్టు.

మెత్తని పొరల మీద తయారీ తేదీ, ఏ స్థాయి తూటాను ఆపుతుందన్నది రాసి ఉంటాయి. ప్లేటు మీద ‘స్ట్రైక్ ఫేస్’ అని ఒక వైపు అచ్చు వేసి ఉంటుంది. పింగాణీ ఉన్న ఆ వైపు తూటా వచ్చే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే వల ముందుకీ పెంకు వెనక్కీ పోతాయి. తొందరలో, చీకట్లో, జాకెట్లు మారినప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. ఈసారి కొడుకు ఫోను చేసినప్పుడు తల్లి ‘వేసుకున్నావా’ అని ఊరుకోనక్కర్లేదు. ‘ప్లేట్లు రెండూ పెట్టావా? ఎటు తిప్పి పెట్టావు? దాని తేదీ ఎప్పటిదిరా?’ అని కూడా అడగొచ్చు.